పెట్టెలో తుపాకి, నోట్లో మాట

విమానంలో తుపాకి తీసుకుపోవచ్చునా అని నలుగురిని అడిగి చూడండి. నలుగురూ "అబ్బే, కుదరదు" అంటారు. కుదురుతుంది. లైసెన్సు ఉన్న తుపాకిని, దానికి సరిపడే తూటాలను, విమానం కడుపులోకి వెళ్ళే సామానులో పెట్టి తీసుకుపోవడానికి మన దేశంలోనూ, ఇంకా చాలా దేశాల్లోనూ చట్టం ఒప్పుకొంటుంది. అయితే తుపాకి లేకుండా, ఎవరో ఎప్పుడో మరచిపోయిన ఒక్క తూటా సంచి అడుగున దొరికితే మాత్రం ప్రయాణం అక్కడితో సరి. ఆ తరువాత పోలీసు ఠాణా, కేసు, కోర్టు. తుపాకి ఎగిరిపోతుంది, తూటా పట్టుబడుతుంది. ఈ వింత గురించే ఈ టపా.

వింత అన్నాను గాని, ఇందులో ఒక తర్కం ఉంది. మొదటివాడు "నా పెట్టెలో తుపాకి ఉన్నది" అని ముందుగా చెప్పాడు. రెండవవాడు చెప్పలేదు. విమాన భద్రతా నియమాలన్నీ చివరికి ఆ ఒక్క మాట చుట్టూ అల్లుకున్నవే. నా ఫిర్యాదు ఆ తర్కం మీద కాదు. చెప్పవలసిన వాడిని మనం అడుగుతున్నామా, అడిగితే వాడికి తెలిసే భాషలో అడుగుతున్నామా, అన్నది నా ప్రశ్న.

ముందు తుపాకి సంగతి చూద్దాం. అంతర్జాతీయ పౌరవిమానయానానికి పునాది 1944 నాటి చికాగో ఒప్పందం. దానికి భద్రత గురించి 17వ అనుబంధాన్ని 1974లో చేర్చారు. ప్రయాణికుల ఆయుధాల విషయంలో అది పెట్టే షరతులు రెండే. తుపాకిలో తూటా లేదని, అధికారమూ శిక్షణా ఉన్న మనిషి పరీక్షించి నిర్ధారించాలి. ప్రయాణం సాగినంతసేపూ ఎవరి చేతికీ అందని చోట దాన్ని ఉంచాలి. ఇక తూటాల విషయం. విమానసంస్థల అంతర్జాతీయ సంఘం నియమాల ప్రకారం, విమానసంస్థ అనుమతితో, ఒక్కొక్కరు తమ సొంత వాడుకకు మొత్తం 5 కిలోల బరువు మించకుండా, భద్రంగా కట్టి, సామానులో వేయవచ్చు. పేలే గుండ్లు, నిప్పు రాజేసే గుండ్లు పనికిరావు. ఇద్దరు ప్రయాణికులు తమ వంతులు కలిపి ఒకే కట్టగా కట్టకూడదు.

మన దేశంలో వీటికి తోడు 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమావళి ఉన్నాయి. లైసెన్సు ఉంటే చాలదు. అది ఏ ప్రాంతానికి చెల్లుతుందో కూడా చూసుకోవాలి. జహీరాబాదు వాళ్ళకు ఈ సంగతి విమానం దాకా పోకుండానే అర్థమౌతుంది. మాడ్గి దాటితే కర్ణాటక. మా ఊరినుంచి బీదరు 30 కిలోమీటర్ల దూరం. పెళ్ళి బట్టలకు, వైద్యానికి, గురుద్వారా దర్శనానికి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగివస్తాం. కాని తెలంగాణకు మాత్రమే చెల్లే లైసెన్సుతో తుపాకి భుజాన వేసుకొని మాడ్గి దాటితే అది నేరమే. నేలమీది గీత ఆకాశంలో కనిపించదు, అయినా చెరిగిపోదు. శంషాబాదులో ఎక్కిన తుపాకి ఎక్కడ దిగుతుందో అక్కడ కూడా ఆ కాగితం చెల్లాలి.

"ఇదంతా మనకెందుకు, మనలో తుపాకులున్న వాళ్ళెందరు?" అని అడగవచ్చు. మా ప్రాంతంలో లైసెన్సు తుపాకి అంటే బ్యాంకు దగ్గర నిలబడే విశ్రాంత సైనికుడి డబుల్ బ్యారెల్ గుర్తుకు వస్తుంది. చెరకుతోటల మీద పడే అడవిపందుల బాధ పడలేక తుపాకి ఉంటే బాగుండునని నిట్టూర్చే రైతులు గుర్తుకు వస్తారు. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సుదారులు తుపాకులు తెచ్చి ఠాణాలో అప్పజెప్పడం గుర్తుకు వస్తుంది. ఇవేవీ విమానమెక్కేవి కావు, నిజమే.

కాని విమానమెక్కక తప్పని తుపాకులు కొన్ని ఉన్నాయి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యం గెలిచాడు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ పోటీకి దిగింది. వీణ వాయించేవారు తమ వీణ లేకుండా కచేరీకి పోరు. షూటరు కూడా అంతే. ఆ పిడి ఆ చేతి కొలతకు చెక్కినది. ఊరు మారినప్పుడల్లా అక్కడ దొరికిన తుపాకి పట్టుకొని పోటీ చేయడం కుదరదు. వీళ్ళకు సామానులో తుపాకి అంటే వృత్తి పరికరం.

ఇక్కడ మరో చిక్కు. 10 మీటర్ల పోటీలో వాడేది గాలి తుపాకి. దానికి మందు దట్టించిన తూటా లేదు. చిన్న సీసపు గుండు మాత్రమే ఉంటుంది. 25 మీటర్ల పోటీలో మహిళలు వాడే పిస్టల్‌కు .22 తూటా కావాలి. చట్టం దృష్టిలో ఈ రెండింటికీ చాలా తేడా ఉన్నది. చెక్-ఇన్ బల్ల వెనుక కూర్చున్న ఉద్యోగికి ఆ తేడా చెప్పినవాళ్ళుంటే పని పది నిమిషాల్లో ముగుస్తుంది. చెప్పినవాళ్ళు లేకపోతే, కాగితాలన్నీ చేతిలో ఉన్నా విమానం తప్పుతుంది. 2021 ఫిబ్రవరిలో మను భాకర్ భోపాల్‌కు వెళ్ళడానికి ఢిల్లీ విమానాశ్రయానికి వచ్చినప్పుడు, పత్రాలన్నీ ఉన్నా తనను ఆపి డబ్బు అడుగుతున్నారని ట్విట్టరులో ఫిర్యాదు చేసింది. అప్పటి క్రీడామంత్రి కిరణ్ రిజిజు కలుగజేసుకున్న తరువాత ఆమె విమానమెక్కింది. అక్కడ ఎవరిది ఒప్పో తేల్చడం నా పని కాదు. దేశమంతా పేరెరిగిన క్రీడాకారిణి కనుక మంత్రిదాకా మాట చేరింది. జిల్లాస్థాయి పోటీ గెలిచి మొదటిసారి రాష్ట్రం దాటుతున్న పదహారేళ్ళ పిల్ల అక్కడ నిలబడితే, ఆమె ఎవరికి చెప్పుకోవాలి? నోరు తెరిచి నిజం చెప్పినవాడిని వేధించే వ్యవస్థ, తరువాతివాడికి నోరు మూసుకోవడం నేర్పుతుంది. అది భద్రతకే చేటు.

అలాగని ఈ కట్టుబాట్లు ఊరికే వచ్చినవి కావు. 1971 జనవరి 30న శ్రీనగరు నుంచి జమ్ముకు వెళ్తున్న 'గంగ' అనే విమానాన్ని ఇద్దరు లాహోరుకు మళ్ళించారు. వాళ్ళ చేతిలో ఉన్నది నకిలీ పిస్టలు, కొయ్యతో చేసిన గ్రెనేడు. పిట్టలదొర వేషం ఎరిగిన తెలంగాణ వాళ్ళకు కొయ్య తుపాకి అనగానే నవ్వు వస్తుంది. ఖాకీ కోటు, భుజాన కర్ర తుపాకి, నోటినిండా కోతలు. తుపాకిరాముడు అంటే ఆయనే. గాలిలో ఉన్న విమానంలో మాత్రం ఆ కొయ్య ముక్కే నిజమైన పని చేసింది. తనిఖీలో బొమ్మ తుపాకిని కూడా ఎందుకు ఆపుతారని విసుక్కునే తల్లిదండ్రులు ఈ కథ ఒకసారి గుర్తుచేసుకోవాలి.

సామాను సంగతికి వస్తే 1985 జూన్ 23 మరపురాని రోజు. ఆనాడు కనిష్క విమానం ఐర్లండు తీరంలో సముద్రం మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబు ఉన్న పెట్టె వాంకూవరులో విమానమెక్కింది. దాని యజమానిగా పేరు రాయించుకున్నవాడు ఎక్కలేదు. ఎక్కని మనిషి సామాను విమానంలో ఉండకూడదన్న నియమాన్ని లోకం అంత ఖరీదు పెట్టి గట్టిగా నేర్చుకున్నది. మన పౌరవిమానయాన భద్రతా బ్యూరో 1987లో ప్రత్యేక శాఖగా నిలిచింది. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి బయలుదేరిన విమానం కాందహారు చేరిన తరువాత, 2000 నుంచి విమానాశ్రయాల కాపలా క్రమంగా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చేతికి వచ్చింది. తనిఖీ దగ్గర మనకు కనిపించే ఆ కరకుదనం వెనుక ఇంతమంది చావు ఉన్నది. దాన్ని నేను తేలిక చేయను.

ఇక అమెరికా. మన ఇళ్ళనుంచి అక్కడికి వెళ్ళని ఇల్లు ఈరోజుల్లో తక్కువ గనుక ఆ పద్ధతి కూడా తెలుసుకోవాలి. అక్కడ తుపాకిలో తూటాలు తీసివేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, టికెట్టు బల్ల దగ్గర నోటితో చెబితే సామానులో వేసుకుంటారు. అంత సులువైన దారి ఉండి కూడా, 2024లో అక్కడి తనిఖీ కేంద్రాల్లో చేతిసంచుల నుంచి 6,678 తుపాకులు బయటపడ్డాయి. వాటిలో 94 శాతం తూటాలు నింపి ఉన్నవే! పట్టుబడినవారిలో చాలామంది చెప్పే మాట ఒకటే: "మరచిపోయాను." తుపాకినే మరచిపోగలిగే దేశంలో తూటా ఒక లెక్కా?

అమెరికా అనుభవం రెండు పాఠాలు చెబుతుంది. మొదటిది, ప్రయాణంలో భద్రత చూస్తే చాలదు. 2017 జనవరి 6న ఒకతను అలాస్కాలోని యాంకరేజ్‌లో తన పిస్టలు గురించి సక్రమంగా చెప్పి, సామానులో వేసి, ఫ్లారిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో దిగాడు. సామాను బెల్టు దగ్గర పెట్టె అందుకొని, స్నానాలగదిలోకి వెళ్ళి, తూటాలు నింపి, బయటికి వచ్చి ఐదుగురిని చంపాడు. నియమాలన్నీ అతను పాటించాడు. తుపాకి విమానంలో ఉన్నంతసేపు భద్రంగానే ఉన్నది. బెల్టు మీద అందరి సూట్‌కేసుల మధ్య తిరిగి, ఎవరూ చూడకుండా చేతికి చేరడంతో భద్రత ముగిసింది. ఎక్కేటప్పుడు ఎదురెదురుగా నిలబడి చూసి తీసుకున్న వస్తువును, దిగేటప్పుడు కూడా ఎదురెదురుగా నిలబడి, విమానాశ్రయం గుమ్మం బయట అప్పజెప్పాలని నేనంటాను.

రెండవ పాఠం దారిమధ్య దిగిన వాడిది. 2005లో యూటా రాష్ట్రంవాడొకడు పెన్సిల్వేనియాకు బయలుదేరాడు. న్యూజెర్సీలోని నెవార్క్‌లో మారవలసిన విమానం తప్పింది. రాత్రి హోటలులో ఉండవలసి వచ్చి, పెట్టె వెంట తీసుకుపోయాడు. మరునాడు పొద్దున మళ్ళీ బల్ల దగ్గర నిజాయితీగా "తుపాకి ఉన్నది" అన్నాడు. న్యూజెర్సీ చట్టం వేరు, అరెస్టు చేశారు. బయలుదేరిన చోటా చేరవలసిన చోటా చెల్లే తుపాకి, దారిలో ఒక్క రాత్రికి నేరమైపోయింది. తరువాత అతడు కోర్టుకు వెళ్ళినా 2010లో అప్పీలు కోర్టులో కూడా ఓడిపోయాడు. నెవార్క్ చుట్టుపక్కల ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయో నేను చెప్పనక్కరలేదు. మాడ్గి దగ్గర నేను చెప్పిన గీత ఇదే.

ఇప్పుడు తూటా దగ్గరికి వస్తాను. నా అసలు బాధ ఇక్కడే.

మన ఆయుధాల చట్టం 3వ సెక్షను లైసెన్సు లేకుండా తుపాకి గాని తూటాలు గాని ఉంచుకోకూడదంటుంది. ఒకటయినా నూరయినా చట్టంలో తేడా లేదు. 2019 సవరణ తరువాత ఈ నేరానికి శిక్ష రెండేళ్ళకు తగ్గదు, ఐదేళ్ళ దాకా పోవచ్చు. కఠినమైనదే. అయితే ఉంచుకోవడం అంటే ఏమిటి? తెలిసి ఉంచుకోవడమని సుప్రీంకోర్టు 1972లో గుణవంతలాల్ కేసులో చెప్పింది. 1994లో సంజయ్ దత్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం అదే భావాన్ని నిలబెట్టింది. ఈ మాటల వెలుగులో ఢిల్లీ హైకోర్టు 2012లోనూ, 2014లోనూ ఒక్క తూటా దొరికిన కేసులను కొట్టివేసింది. అంటే చట్టంలో దయ లేకపోలేదు. కాని ఆ దయ హైకోర్టులో ఉన్నది. విమానాశ్రయం నుంచి హైకోర్టుకు ఎంత దూరమో, ఆ దారి ఖర్చు ఎంతో, నడిచినవాళ్ళకే తెలుసు.

మా వీధి కుర్రవాడొకడు ఆ దారి నడుస్తున్నాడు. గల్ఫులో కొలువు కుదిరింది. ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టారు. కొత్త పెట్టె కొనడం దండగ అనుకొని, బ్యాంకు గార్డుగా చేసిన మేనమామ దగ్గర సంచి అడిగి తెచ్చుకున్నాడు. ఆ సంచి లోపలి అస్తరు ఒక మూల చిరిగి ఉన్నది. ఆ చిరుగులోంచి జారి, అస్తరుకూ బట్టకూ మధ్య ఒక పన్నెండు బోరు తూటా ఎన్నాళ్ళుగా ఉన్నదో ఎవరికీ తెలియదు. ఎక్స్-రే యంత్రానికి తెలిసింది. మేనమామ చేతిలో ఉన్నంతకాలం అది లైసెన్సు కింద ఉన్న తూటా. మేనల్లుడి చేతికి రాగానే నేరం. ఆ రోజు విమానం పోయింది. వీసా గడువు పోయింది. అప్పు మాత్రం ఉన్నది. వాయిదాకు పోయివచ్చిన ఒక సాయంత్రం నన్ను చూసి ఆగి, "అస్తరు చింపి జూస్తమా సార్ ఎవ్వలమైనా? సంచి ఇచ్చినోడు మామ. మామ ఇచ్చిన సంచిల ఏం ఎతుకుత?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తనిఖీ చేసిన ఉద్యోగిదా తప్పు? కాదు. తెర మీద తూటా కనిపించాక వదిలేస్తే అతని ఉద్యోగం పోతుంది, పోవాలి కూడా. ఠాణాలో కేసు రాసిన పోలీసుదా? తూటా ముందర పెడితే చట్టం అతనికి వేరే దారి చూపలేదు. కోర్టు తప్పా? అది తన వరుసలో తాను వింటుంది. అందరూ తమ పని సరిగ్గానే చేశారు, ఒక కుటుంబం మునిగింది. ఎవరి తప్పూ లేకుండా ఇలా జరుగుతున్నదంటే మధ్యలో ఒక మెట్టు కట్టడం మరచిపోయారన్న మాట.

ఆ మెట్టు ఎలా ఉండాలో నా ఊహ చెబుతాను.

మొదటిది, అడగడం. చెప్పినవాడిది ఒప్పు, చెప్పనివాడిది తప్పు అన్నప్పుడు, అందరికీ అర్థమయ్యేలా అడగడం వ్యవస్థ బాధ్యత. నిషిద్ధ వస్తువుల బొమ్మలు గోడల మీద ఉంటాయి, నిజమే. వరుసలో నిలబడి, పాస్‌పోర్టు ఎక్కడ పెట్టానా అని జేబులు తడుముకొనేవాడు గోడలు చదవడు. మనిషి అడగాలి. ఏ భాషలో అడుగుతామన్నది కూడా చిన్న విషయం కాదు. మా జహీరాబాదులో తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం కలగలిసి నడుస్తాయి. గోలి అంటే దక్కనీలో తూటా. మా ఇళ్ళలో గోలి అంటే జ్వరానికి వేసుకునేది, పిల్లలు ఆడుకునేదీ. "సామాన్ మే గోలీ హై క్యా?" అని అడిగితే మా ముసలమ్మ నిక్షేపంగా "హై" అని మందుల సంచి విప్పి చూపిస్తుంది! అందుకని సామాను యంత్రంలోకి పోకముందే, ఒక చిన్న పెట్టెలో నిజమైన తూటా, ఖాళీ తూటా, గాలి తుపాకి గుండు నమూనాలు అద్దం కింద పెట్టి చూపిస్తూ, "ఇలాంటిది మీ సంచిలో గాని, మీరు అడిగి తెచ్చుకున్న సంచిలో గాని ఉండే వీలున్నదా? ఒకసారి చూసుకోండి" అని తెలుగులో అడిగితే ఎంత ఖర్చు?

రెండవది, తనిఖీకి ముందు ఒక అప్పగింత పెట్టె. అనుమానం వచ్చినవాడు సంచి దులుపుకొని, ఏదైనా దొరికితే పేరు, చిరునామా రాయించి అక్కడ ఇచ్చివేయాలి. ముందుగా తానే తెచ్చి ఇచ్చినవాడి మీద నేరం మోపకూడదు. దాన్ని చట్టంలో స్పష్టంగా రాయాలి.

మూడవది, యంత్రంలో దొరికిన తరువాతి మెట్టు. తుపాకి లేదు, ఒకే తూటా, పాత కేసులు లేవు, సంచి చరిత్ర చెబుతున్నాడు. అలాంటప్పుడు తూటా స్వాధీనం చేసుకొని, వేలిముద్రలు, పూచీకత్తు తీసుకొని, ప్రయాణం సాగనివ్వాలి. విచారణ వెనుక నుంచి జరుగుతుంది. తెలిసి ఉంచుకున్నట్లు తేలితే కేసు పెట్టండి, రెండేళ్ళే కాదు ఐదేళ్ళూ వేయండి. మొదట విచారణ, తరువాత కేసు. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు.

దీనికి వచ్చే ఎదురువాదం నాకు తెలుసు. "ఒక్క తూటాను వదిలితే, రేపు దుర్మార్గులు ఒక్కొక్క తూటా ఇచ్చి పదిమందిని పంపి మన కాపలాను పరీక్షిస్తారు. భద్రతలో మినహాయింపు అన్నదే ముప్పు." బలమైన మాటే. కాని నేను తూటాను వదలమనడం లేదు. తూటా విమానమెక్కదు. మనిషి పేరు నమోదవుతుంది. రెండవసారి దొరికితే మరపు అనే మాట చెల్లదు. పదిమంది ఒకే ఊరినుంచి, ఒకే రకం తూటాతో దొరికితే ఆ పట్టీ చూసినవాడికి తెలిసిపోతుంది. నిజానికి ప్రతి తూటానూ ఒకేలాంటి కేసుగా రాసి అటకెక్కించే ఇప్పటి పద్ధతిలోనే నిజమైన దొంగ నలుగురు అమాయకుల మధ్య దాక్కుంటాడు.

మరొకరు అంటారు: "తమ సంచి తాము చూసుకోవడం చేతకాని వాళ్ళకు ఇంత ఉపకారం ఎందుకు?" దీనికి నా జవాబు చిన్నది. చూసుకునే అలవాటు ఉన్నవాళ్ళు చాలాసార్లు విమానమెక్కినవాళ్ళు. ఎరువుచ్చుకున్న సంచితో వచ్చేవాళ్ళు మొదటిసారి ఎక్కేవాళ్ళు. ఈ కేసులో ఇరుక్కున్నప్పుడు మొదటి రకం వాళ్ళకు వకీలు ఉంటాడు. రెండవ రకం వాళ్ళకు అప్పు ఉంటుంది. చట్టం ఇద్దరికీ సమానమే. దాని దెబ్బ మాత్రం సమానంగా తగలదు.

ఇంకొక్క మాట. తుపాకి విషయంలో నేను ఏ సడలింపూ అడగడం లేదని స్పష్టం చేయదలచుకున్నాను. అమెరికాలో లాగా తుపాకి చొక్కా గుండీ అంత మామూలు వస్తువు కాకపోవడం మన అదృష్టం. లైసెన్సు ఇవ్వడం కష్టంగానే ఉండాలి. షూటరుకయినా, గార్డుకయినా, రాజకీయ నాయకుడికయినా బల్ల దగ్గర పరీక్ష ఒకే తీరున జరగాలి. కాని ఆ పరీక్ష చేసే ఉద్యోగికి నియమాల ప్రతి ఒకటి చేతిలో ఉండాలి. ఎంత రుసుము, ఎన్ని తూటాలు, ఏ కాగితాలు అన్నవి ప్రయాణికుడికి ముందే తెలిసేలా రాసిపెట్టాలి. విమానసంస్థకొక తీరుగా, విమానాశ్రయానికొక తీరుగా, కూర్చున్న మనిషికొక తీరుగా ఉండకూడదు. నిజం చెప్పడానికి భయపడనక్కరలేని బల్ల ఉన్నచోట జనం నిజం చెబుతారు. అంతకంటే మంచి భద్రతా యంత్రం నాకు తెలియదు.

చట్టం మారేదాకా ఎదురుచూడక మనం చేయగలిగిన పని ఒకటున్నది. బయలుదేరే ముందు రోజు, సంచి సొంతదయినా సరే, అడిగి తెచ్చుకున్నదయినా సరే, పూర్తిగా ఖాళీ చేయండి. తలకిందులు చేసి దులపండి. జేబులన్నీ బయటికి తీయండి. అస్తరు చిరిగి ఉంటే లోపలికి వేళ్ళు పెట్టి చివరిదాకా తడమండి. సైన్యంలోనో, పోలీసులోనో, గార్డుగానో పనిచేసిన బంధువు సంచి అయితే రెండుసార్లు చూడండి, ఆయనను నొప్పించకుండా "మామా, ఇందులో తూటాలేమైనా పెట్టేవాడివా?" అని అడగండి. అమెరికా నుంచి వచ్చే మిత్రులు, అక్కడ షూటింగ్ రేంజికి తీసుకుపోయిన సంచిని ఇక్కడికి తేకపోవడమే మేలు. జ్ఞాపకంగా దాచుకున్న ఖాళీ గొట్టం కూడా ఇంట్లోనే ఉండనివ్వండి.

ఇలాంటి అనుభవం మీకో, మీవాళ్ళకో జరిగి ఉంటే, పేర్లు లేకుండా వ్యాఖ్యల్లో రాయండి. ముఖ్యంగా కేసు ముగియడానికి ఎన్నేళ్ళు పట్టిందో రాయండి. మా వీధి కుర్రవాడు వచ్చే వాయిదా తారీకు తప్ప మరేమీ తెలియకుండా ఉన్నాడు. ఎంతకాలమో ఉజ్జాయింపుగా తెలిసినా అప్పు ఇచ్చినవాళ్ళకు ఏదో ఒకటి చెప్పుకోగలుగుతాడు.